రెండు సగటుల మధ్య దూరం

రెండు గుంపుల సగటులు అచ్చంగా సమానంగా రావడం అరుదు. ఒకే టీకాను, ఒకే రోజు, ఒకే ఊళ్లో రెండు గుంపులకు వేసి, నెల తిరిగాక రక్తం తీసి చూసినా ఒక గుంపు సగటు కాస్త పైన, రెండోది కాస్త కింద ఉంటుంది. అందువల్ల కొత్త టీకా వేయించుకున్నవారి సగటు పాత టీకావారి కంటే ఎక్కువ వచ్చిందన్న మాటకు దానంతట దానికి విలువ లేదు. ఎంత ఎక్కువో చెప్పినా చాలదు. మనుషుల మధ్య మామూలుగానే ఉండే హెచ్చుతగ్గుల వల్ల ఏపాటి తేడా రావచ్చో ముందు తెలియాలి. వచ్చిన తేడా దానికి ఎన్ని రెట్లుందో తర్వాత చూడాలి. ఆ రెట్ల సంఖ్యకు పేరు టీ, దాని ఆధారంగా తీర్పు చెప్పే పద్ధతి టీ-టెస్టు. రెండు గుంపుల్లోనూ వేర్వేరు మనుషులుండి, ఒకరి ఫలితానికి మరొకరి ఫలితంతో సంబంధం లేనప్పుడు చేసేది స్వతంత్ర గుంపుల టీ-టెస్టు.

హైదరాబాద్‌కు ఉత్తరాన ఈ లెక్కతో నిత్యం పని పడే చోట్లు ఉన్నాయి. నాగపూర్ రోడ్డు మీద మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్ వెలిసింది. కె.ఐ. వరప్రసాద్‌రెడ్డి 1993లో స్థాపించిన ఈ సంస్థ 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటాక తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ పరుచుకుంది. ద్రాక్ష తోటలకూ కోళ్ల ఫారాలకూ పేరుబడ్డ ఈ ప్రాంతం 1999 తర్వాత టీకాలకు పేరు తెచ్చుకుంది. బయటికి కనిపించేవి ఫ్యాక్టరీలు, లారీలు, శీతల గిడ్డంగులు. కానీ ఏ టీకా అయినా ఆ లారీ ఎక్కే ముందు ఎక్కడో ఒక గుంపు మనుషుల రక్తాన్ని మరో గుంపు రక్తంతో పోల్చి చూసే దశ ఉంటుంది.

జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకా టైప్‌బార్-టీసీవీ పరీక్ష ఇందుకు చక్కటి ఉదాహరణ. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొరలో పాలిశాకరైడ్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. పాత టీకాలో ఉండేది ఆ గొలుసు ఒక్కటే. కొత్తదానిలో దాన్ని ధనుర్వాతం టాక్సాయిడ్ అనే ప్రొటీన్‌కు అతికించారు. ఇలా అతికిస్తే పసిపిల్లల శరీరం కూడా ఆ గొలుసును శత్రువుగా గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది. 2 నుంచి 45 ఏళ్ల ఆరోగ్యవంతులను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొత్త టీకా, మరో గుంపుకు పాత టీకా ఒక్కో డోసు వేశారు. 42 రోజుల తర్వాత రక్తంలో యాంటీబాడీలు కొలిచారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కొత్త టీకా గుంపు సగటు 1293 యూనిట్లు, పాత టీకా గుంపు సగటు 411. ఒక్కో సగటు పక్కనా దాని నమ్మకపు హద్దులు, అంటే అసలు సగటు ఏ రెండు సంఖ్యల మధ్య ఉండవచ్చో చెప్పే అంచనా, కూడా ఇచ్చారు. మొదటిదానికి 1153 నుంచి 1449, రెండోదానికి 359 నుంచి 471.

ఇక్కడ సగటు అంటే బడిలో నేర్పే కూడి భాగించే సగటు కాదు. యాంటీబాడీల లెక్క ఎత్తు, బరువుల్లాంటిది కాదు. పదిమందిలో తొమ్మిదిమందికి 300 యూనిట్లుండి, ఒక్కరికి 30,000 ఉందనుకుంటే కూడి భాగించిన సగటు 3270 వస్తుంది. ఆ పదిమందిలో ఏ ఒక్కరినీ పోలని సంఖ్య అది. అందుకని ముందు ప్రతి విలువకూ సంవర్గమానం, అంటే లాగరిదమ్ తీసి, వాటి సగటు కట్టి, తిరిగి మామూలు సంఖ్యలోకి మారుస్తారు. అలా వచ్చేది గుణ సగటు. పై పదిమందికీ అది 475 దాకా ఉంటుంది. టీకా పరీక్షల్లో టీ-టెస్టు చేసేది సాధారణంగా ఈ లాగరిదమ్‌ల మీదే. ఒక పక్కకు సాగిపోయిన విలువలు లాగరిదమ్ తీశాక మధ్యలో గుమిగూడి, రెండు పక్కలా సమంగా పరుచుకుంటాయి. టీ-టెస్టుకు కావలసిన ఆకారం అదే. ఇంకో సౌలభ్యమూ ఉంది. లాగరిదమ్‌ల తేడా మామూలు భాషలోకి మారితే 'ఎన్ని రెట్లు' అవుతుంది, డాక్టర్లకు అర్థమయ్యే మాట కూడా అదే.

లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి వందలమంది అక్కర్లేదు. రక్తరసాన్ని మెట్టు మెట్టుకూ రెట్టింపు పలుచన చేస్తూ, ఎన్నో మెట్టు దాకా యాంటీబాడీ పనిచేస్తుందో చూసే పద్ధతి ప్రయోగశాలల్లో పాతది. నాలుగో మెట్టు అంటే 16 రెట్ల పలుచన, ఐదోది 32, ఏడోది 128. మెట్ల సంఖ్యే లాగరిదమ్ కాబట్టి వేరే లెక్క వేయనక్కర్లేదు. ఉదాహరణ కోసం ఊహించుకున్న పన్నెండుమందిలో కొత్త టీకా వేయించుకున్న ఆరుగురికి 5, 6, 7, 7, 8, 9 మెట్లు వచ్చాయనుకుందాం. పాత టీకా వేయించుకున్న ఆరుగురికి 4, 4, 5, 5, 6, 6 వచ్చాయి. మొదటి సగటు 7, రెండో సగటు 5. తేడా 2 మెట్లు, అంటే 4 రెట్లు.

ఇప్పుడు టీకాల మధ్య ఏ తేడా లేదనే అనుకుందాం. గణాంకశాస్త్రం దీన్ని శూన్య పరికల్పన అంటుంది. అదే నిజమైతే ఈ పన్నెండు సంఖ్యలూ ఆ పన్నెండుమందికి ఎలాగూ వచ్చేవే, ఎవరు ఏ గుంపులో పడ్డారన్నది చీటీల పని. పన్నెండుమందిని ఆరుగురు చొప్పున రెండు గుంపులు చేయడానికి 924 మార్గాలున్నాయి. వాటన్నిటికీ సగటుల తేడా కట్టి చూస్తే ఏదో ఒక వైపు 2 మెట్లు లేదా అంతకు మించి తేడా వచ్చేవి 28 మాత్రమే. 924లో 28 అంటే నూటికి 3. చీటీలు ఒక్కటే కారణమైతే ఇంత తేడా నూటికి మూడుసార్లే వస్తుందన్నమాట. టీ-టెస్టు తర్కం మొత్తం ఈ ఒక్క పేరాలో ఉంది. మిగిలిందంతా ఆ 924 మార్గాలనూ విడివిడిగా లెక్కపెట్టకుండా దాదాపు అదే జవాబును చేరుకునే దగ్గరి దారి. నలభైమందిని సగానికి విడగొట్టే మార్గాలు 13 వేల కోట్లు దాటుతాయి. కంప్యూటర్లు లేని కాలంలో దగ్గరి దారి తప్ప గత్యంతరం లేదు.

ఆ దారి ఇలా ఉంటుంది. ఒక్కో గుంపులో ప్రతి విలువా సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలు కూడి, మనుషుల సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగిస్తే ఆ గుంపు విస్తృతి వస్తుంది. మొదటి గుంపులో వర్గాల మొత్తం 10, విస్తృతి 2. రెండోదానిలో మొత్తం 4, విస్తృతి 0.8. ఒక్కో విస్తృతినీ ఆ గుంపు మనుషుల సంఖ్యతో భాగించి, రెంటినీ కూడి, వర్గమూలం తీస్తే 0.68. సగటుల తేడాకు ఇది ప్రామాణిక దోషం. మనుషులు మారినప్పుడల్లా ఆ తేడా ఏపాటి అటూ ఇటూ ఊగుతుందో ఇది చెబుతుంది. తేడా 2ను 0.68తో భాగిస్తే 2.93, అదే టీ. గుంపుల్లో మనుషులు పెరిగితే ప్రామాణిక దోషం తగ్గుతుంది కానీ నత్తనడకన తగ్గుతుంది. దాన్ని సగం చేయాలంటే మనుషులను నాలుగింతలు చేయాలి. టీకా పరీక్షల ఖర్చులో పెద్ద భాగం వెనుక ఉన్నది ఈ వర్గమూలమే.

2.93 ఎక్కువా, తక్కువా? మనుషులు వేలల్లో ఉంటే 1.96 దాటితే చాలు, అలాంటిది యాదృచ్ఛికంగా నూటికి ఐదుసార్ల కంటే తక్కువగానే వస్తుంది. ఆరుగురూ ఆరుగురే ఉన్నప్పుడు ఆ గీత అంతకంటే పైన ఉండాలి. ఎందుకంటే సగటుతో పాటు విస్తృతి కూడా ఆ కొద్దిమంది నుంచే తెలిసింది, కాబట్టి అదీ తప్పయి ఉండొచ్చు. ఎంత పైన ఉండాలో తేల్చిన మనిషి విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, బీరు కంపెనీ ఉద్యోగి.

విలియం సీలీ గాసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరాడు. బార్లీ రకాలు, హాప్స్ నాణ్యత పోల్చడం అతని పని. పొలాలు నాలుగైదుకు మించవు, నమూనాలూ అంతే. అప్పటి గణాంకశాస్త్రం వందల కొలతలుంటేనే మాట్లాడేది. 1906-07లో లండన్‌లో గణాంకవేత్త కార్ల్ పియర్సన్ దగ్గర ఉండి గాసెట్ ఈ చిక్కు మీద పనిచేశాడు. 3000 మంది ఖైదీల ఎత్తు, ఎడమ చేతి నడిమి వేలి పొడవు నమోదైన పాత కొలతలు దొరికాయి. వాటిని అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 కట్టలు చేసి, ఒక్కో కట్టకూ లెక్క కట్టాడు. కాగితం మీద తాను తేల్చిన సూత్రానికి ఈ కట్టలు దాదాపుగా సరిపోయాయి. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి 1908లో బయోమెట్రికా పత్రికలో ఆ వ్యాసం 'స్టూడెంట్' పేరుతో వచ్చింది. అందులో రాశి పేరు కూడా టీ కాదు, జెడ్. దాన్ని నేటి రూపానికి తెచ్చి, రెండు స్వతంత్ర గుంపుల పోలికకు విస్తరించింది రోనాల్డ్ ఫిషర్. 1925లో వచ్చిన అతని పుస్తకంతో ఇది వ్యవసాయ పరిశోధకుల చేతుల్లోకి, అక్కడి నుంచి వైద్యంలోకి పాకింది. తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు తర్వాత కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే డాక్టరేట్ చేశారు. ఒక్క కొలత కాక ఎన్నో కొలతలను కలిపి గుంపులను పోల్చే పద్ధతులను పెంచినవారిలో ఆయన ముఖ్యులు.

ఫిషర్ రూపంలో ఒక షరతుంది. రెండు గుంపుల విస్తృతులూ సమానమని నమ్మాలి. పై ఉదాహరణలో ఒకటి 2, ఇంకొకటి 0.8. టీకా పరీక్షల్లో ఇది తరచుగా కనిపించేదే. బలమైన టీకాకు కొందరి శరీరం విపరీతంగా స్పందిస్తుంది, కొందరిది మామూలుగా. బి.ఎల్. వెల్చ్ 1947లో ఈ షరతు అక్కర్లేని రూపం ఇచ్చాడు. అందులో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనే సంఖ్య, అంటే విస్తృతిని అంచనా వేయడానికి మిగిలిన స్వతంత్ర సమాచారం, కాస్త తగ్గుతుంది. పాత రూపంలో ఇక్కడ అది 10, వెల్చ్ రూపంలో 8.4. దానికి తగిన గీత 2.29. మన టీ 2.93 దాన్ని దాటింది. యాదృచ్ఛికంగా ఇంత రావడానికి అవకాశం, అంటే పీ విలువ, నూటికి రెండుకు కొంచెం తక్కువ. 924 మార్గాల లెక్కలో వచ్చిన నూటికి మూడుకు ఇది దగ్గరగానే ఉంది. ఇంత చిన్న గుంపులకు ఆపాటి తేడా ఉంటుంది. ముందు విస్తృతులు సమానమా కాదా అని వేరే పరీక్ష చేసి, దాన్ని బట్టి రూపం ఎంచుకోమని కొన్ని పాఠ్యపుస్తకాలు ఇంకా చెబుతున్నాయి. ఆ శ్రమ వృథా. మొదటి నుంచీ వెల్చ్ రూపమే వాడితే పోయేదేమీ లేదు.

పీ విలువ గురించి ఇంకో మాట చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని అపార్థం చేసుకోనివారు తక్కువ. నూటికి రెండు అంటే కొత్త టీకా మెరుగు కాకపోయే అవకాశం నూటికి రెండని అర్థం కాదు. టీకాల మధ్య ఏ తేడా లేకపోతే ఇలాంటి ఫలితం రావడం ఎంత అరుదో మాత్రమే అది చెబుతుంది. తేడా పెద్దదా చిన్నదా అన్నది అందులో ఉండదు. అందుకే నమ్మకపు హద్దులు చూడటం మేలు. మన పన్నెండుమందికి తేడా 2 మెట్లు, హద్దులు 0.44 నుంచి 3.56. రెట్లలో చెబితే 4 రెట్లు అన్నాం కానీ నిజం 1.4 నుంచి 12 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పీ విలువ విని సంబరపడినవారికి ఈ హద్దులు చూశాక కాస్త చల్లబడక తప్పదు. టైఫాయిడ్ టీకా విషయం వేరు. ప్రచురించిన హద్దుల నుంచి వెనక్కి లెక్క కడితే టీ 12 దాటుతుంది. కొత్త టీకా యాంటీబాడీలు పాతదానికి 3.1 రెట్లు, హద్దులు సుమారు 2.6 నుంచి 3.8. యాదృచ్ఛికమన్న అనుమానానికి అక్కడ చోటు లేదు.

అదే పరీక్షలో 6 నుంచి 23 నెలల పసిపిల్లలకు కూడా కొత్త టీకా వేశారు. వారి సగటు 1937, 2-45 ఏళ్లవారి 1293 కంటే బాగా ఎక్కువ. ఈ రెంటినీ టీ-టెస్టులో వేస్తే పెద్ద టీ వస్తుంది, లెక్కలో తప్పుండదు. కానీ ఈ పసిపిల్లలూ వారికంటే పెద్దవారూ చీటీ తీసి విడగొట్టిన గుంపులు కాదు. వయసుతో పాటు వందలాది సంగతులు మారిపోతాయి. తేడా ఉందని టీ-టెస్టు చెప్పగలదు, దేనివల్లో చెప్పలేదు. ఆ శక్తి చీటీలది, సూత్రానిది కాదు.

స్వతంత్రత అన్న మాటకు ఉన్న బరువు తెలియాలంటే హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన ఒక పోషకాహార అధ్యయనాన్ని చూడాలి. జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా 29 ఊళ్లలో దీన్ని నడిపింది. 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. ఐసీడీఎస్ అనే పోషకాహార పథకం ఇంకా రాని 14 ఊళ్లు పోలికకు ఉన్నాయి. ఆ పిల్లలు 13-18 ఏళ్లవారయ్యాక 1165 మందిని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు, హద్దులు 4 నుంచి 23. ఈ ఫలితం 2008లో వెలువడింది.

ఇక్కడ 1165 మందినీ విడివిడి మనుషులుగా లెక్కేసి టీ-టెస్టు చేస్తే మోసపోతాం. ఒక ఊరి పిల్లలు ఒకే బావి నీళ్లు తాగుతారు, ఒకే బడికి వెళ్తారు, చాలామంది చుట్టాలు కూడా. ఎత్తులో ఉండే హెచ్చుతగ్గుల్లో నూటికి రెండు వంతులే ఊరి వల్ల వస్తున్నాయనుకున్నా, ఊరికి నలభైమంది చొప్పున చూస్తే, ఆ 1165 మంది ఇచ్చే సమాచారం సుమారు 650 మంది విడివిడి మనుషులు ఇచ్చేదానికి సమానం. ప్రామాణిక దోషం మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి ఇలాంటి అధ్యయనాల్లో ఊరిని కూడా లెక్కలోకి తెచ్చే పద్ధతులు వాడాలి. కనీసం ఒక్కో ఊరికీ ఒక సగటు కట్టి 15 సగటులను 14తో పోల్చాలి. శామీర్‌పేట కోళ్ల ఫారంలో రెండు షెడ్లకు రెండు రకాల దాణా పెట్టి, వేల కోళ్ల బరువులు తూచి టీ-టెస్టు చేసినా ఇదే పొరపాటు. అక్కడ నిజంగా ఉన్నవి రెండు షెడ్లే. దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకొకటి ఉంది. టీకాకు ముందూ తర్వాతా అదే మనిషి రక్తాన్ని పోల్చేటప్పుడు స్వతంత్ర గుంపుల పద్ధతి వాడకూడదు. ఒక్కో మనిషిలో వచ్చిన మార్పును తీసుకుని జతల టీ-టెస్టు చేయాలి.

తేడా కనబడకపోవడం, తేడా లేకపోవడం ఒకటి కాదు. ఇది టీకా ఫ్యాక్టరీలకు చాలా ముఖ్యం. ఒక టీకా వరస బ్యాచ్‌లు ఒకేలా పనిచేస్తున్నాయని చూపించాలి. పీ విలువ పెద్దదిగా వస్తే చాలంటే కొద్దిమందితో చేసిన నాసిరకం పరీక్షకే పట్టం కట్టినట్టవుతుంది, ఎందుకంటే మనుషులు తక్కువైతే ఏ తేడా కనబడదు. అందుకని ఇక్కడ ప్రశ్నను తిరగేస్తారు. రెండు బ్యాచ్‌ల గుణ సగటుల నిష్పత్తి, దాని హద్దులతో సహా, ముందే గీసిన గీతల మధ్య పడాలి. సగం నుంచి రెట్టింపు, లేదా మూడింట రెండొంతుల నుంచి ఒకటిన్నర రెట్లు అన్నవి వాడుకలో ఉన్న గీతలు. భారత్ బయోటెక్ కోవాక్సిన్ మూడో దశ పరీక్షలో కూడా మూడు బ్యాచ్‌లను ఇలా పోల్చి చూశారు.

అదే పరీక్షలో అసలు ఫలితానికి మాత్రం టీ-టెస్టుతో పని లేదు. అక్కడ కొలిచింది యాంటీబాడీలను కాదు, కోవిడ్ వచ్చినవారిని. లక్షణాలతో వచ్చిన 130 కేసుల్లో టీకా గుంపులో 24, డమ్మీ టీకా గుంపులో 106. దాని నుంచే 77.8 శాతం రక్షణ అన్న లెక్క వచ్చింది. అవును-కాదు జవాబులకు నిష్పత్తుల పరీక్షలు వేరే ఉన్నాయి. హెపటైటిస్-బి టీకాలో 10 యూనిట్లు దాటినవారు ఎంతమంది అన్నదీ అలాంటి ప్రశ్నే. సగటు ఎంత ఎత్తున ఉన్నా, ఆ గీత దాటని పదిమందికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. లాగరిదమ్ తీసినా లొంగని విలువలుంటే, ఒకటి రెండు విపరీత సంఖ్యలే సగటును లాగేస్తుంటే, వరస క్రమాలను పోల్చే మాన్-విట్నీ పరీక్ష ఉంది. మూడు గుంపులుంటే రెండేసి చొప్పున టీ-టెస్టులు చేసుకుంటూ పోకుండా ముందు అన్నిటినీ ఒకేసారి పోల్చే విశ్లేషణ చేస్తారు. పరీక్షలు పెరిగేకొద్దీ ఏదో ఒకటి యాదృచ్ఛికంగా గీత దాటుతుంది.

టైఫాయిడ్ టీకాకు కూడా యాంటీబాడీల సగటు 3 రెట్లు పెరిగిందన్నది సగం దారే. పెరిగిన యాంటీబాడీలు జ్వరాన్ని ఆపుతాయా అన్నది వేరే పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఈ టీకాకు 2017 చివర్లో వచ్చింది. నేపాల్‌లోని లలిత్‌పూర్‌లో సుమారు 20,000 మంది పిల్లలను చీటీలతో రెండు గుంపులు చేసి జరిపిన పరీక్ష మధ్యంతర ఫలితాలు 2019లో వచ్చాయి. టీకా వేయించుకున్న గుంపులో టైఫాయిడ్ 81.6 శాతం తగ్గింది. అక్కడ లెక్కపెట్టింది రక్తపరీక్షలో బ్యాక్టీరియా దొరికిన జ్వరాలను.